ఎనుకకు నడిచే మోట

సలి ముదిరింది. ఇంకో రెండు మొద్దులెయ్యి బిడ్డా. ఆ పచ్చికట్టె వద్దు, పొగ లేస్తది. దగ్గర దగ్గర నలభై ఏండ్లు బొగ్గుదుమ్ము మింగిన రొమ్ము ఇది, కట్టెపొగకు మాత్రం ఓర్వది. ఆఁ, గట్ల. ఇగ కూసోండ్రి అందరు. సిన్నోడా, నువ్వు నా దుప్పట్లకు రా.

పొద్దుగాల వీడొక మాటడిగిండు. రోడ్డుకాడ పైపుల కోసం జేసీబీ తవ్వుతుంటే గంటసేపు నిలబడి సూసి వచ్చి, "తాతా, నువ్వు గూడ జేసీబీనే నడిపినవా?" అన్నడు. కాదు నాయినా. నేను నడిపినదాని ముందట జేసీబీ అంటే ఏనుగు ముందట ఎలుకపిల్ల. దాని పేరు డ్రాగ్‌లైన్. మేం ఆ పేరుతోని పిలిచింది తక్కువ. "మిషన్" అంటే గదే. షావళ్లు, డంపర్లు, డోజర్లు ఎన్ని ఉన్నా, "మిషన్ మీద డ్యూటీ" అన్నమంటే ఎవలకైనా సమజయ్యేది.

ముందుగాల బాయి ముచ్చట చెప్తా, అప్పుడు మిషన్ ముచ్చట తెలుస్తది. మన దిక్కు బొగ్గుగనిని గని అనరు, బాయి అంటరు. "మీ నాయినేం చేస్తడే" అంటే "బాయిపని" అని చెప్తరు. 1871ల విలియం కింగ్ అనే దొర ఇల్లెందు దిక్కు రాళ్లు పరీక్ష చేసుకుంట తిరిగి బొగ్గు జాడ పట్టిండట. ఎనుకసిరి కంపెనీ పుట్టింది, 1920ల దానికి సింగరేణి అని పేరు పెట్టిన్రు. సింగరేణి అన్నది ఇల్లెందుకాడ ఒక పల్లె పేరు. అప్పటిసంది మనిషి భూమి కడుపుల దిగుడు, బొగ్గు మీదికి తెచ్చుడు, ఇదే పని. నేను 1974ల బదిలీ ఫిల్లర్‌గ చేరిన. తట్టా చెమ్మసే నా ఆస్తి. నెత్తికి దీపం కట్టుకొని, నడుము వంచి, పేల్చిన బొగ్గును ఎత్తి టబ్బుల పోసుడు. మొదటి నెల రాత్రిపూట బువ్వ తినుడు రాకపోయేది, ముద్ద పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోకపోయేవి.

మరుసటేడు, 1975ల, రామగుండం కాడ ఓపెన్‌కాస్టు మొదలైంది. బొగ్గు కోసం మనిషి కిందికి దిగుడు కాదు, బొగ్గు మీదున్న భూమినే తీసి అవుతల పెట్టుడు. మా సర్దారు ఒకాయన, "ఇన్నేండ్లు బాయిల దిగినం, ఇప్పుడు బాయికి మూతనే తీస్తున్రు" అన్నడు. ఆ తీసేసే మన్నును, రాయిని ఓబీ అంటరు. మన దిక్కు రోడ్డు పొంటి పోతుంటే బోడిగుట్టలు కనవడ్తయి గదా, అవి దేవుడు పెట్టిన గుట్టలు కావు. ఓబీ గుట్టలు. మేం పెట్టినయి.

1986ల సింగరేణికి నడిచే డ్రాగ్‌లైన్ వచ్చింది. ఆ ఏడు యాది మరువను. ఆగస్టుల గోదారి పిచ్చిలేసినట్టు వచ్చింది. భద్రాచలం కాడ 75.6 అడుగులు ఎక్కింది. అప్పటికి నేను ఓపెన్‌కాస్టుల హెల్పర్‌ని. కొన్నాళ్లకు నన్ను డ్రాగ్‌లైన్ మీదికి పంపిన్రు, గ్రీజు పెట్టనీకి.

ఎట్లుంటదో చెప్తా. ఒక పెద్ద ఇనుప ఇల్లు అనుకో. ఆ ఇంటి ముందట నుంచి ఆకాశం దిక్కు ఏటవాలుగ లేచిన ఇనుప చెయ్యి, దాన్ని బూమ్ అంటరు. మాది 24/96 రకం. 24 అంటే బొక్కెనల పట్టే మన్ను, 24 ఘనపు మీటర్లు. మన ట్రాక్టర్ ట్రాలీల లెక్కన ఆరేడు ట్రాలీలు, ఒక్క ముంతతోని ముంచినట్టు. 96 అంటే బూమ్ పొడుగు, మీటర్లల్ల. నాలుగైదు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టుకో. మొత్తం బరువు 1,500 టన్నులకు పైమాటే. గసొంటి మిషన్లను మన దేశంల రాంచీ హెచ్‌ఈసీ కార్ఖానల చేసేది, ఇంగ్లండుల ఇప్స్‌విచ్ అనే ఊర్ల ఉన్న ర్యాన్సమ్స్ అండ్ రాపియర్ అనే కంపెనీ సోపతితోని.

దానికి డీజిల్ లేదు. అంత కరెంటే. 6,600 వోల్టుల కరెంటు ముంజేతి లావు కేబుల్ల వస్తది. ఆ కేబుల్ మిషన్ ఎనుక నేలమీద కొండచిలువ లెక్క పండుకొని ఉంటది. లోపల ఒక పెద్ద మోటరు జనరేటర్లను తిప్పుతది, ఆ జనరేటర్లు ఇచ్చే డీసీ కరెంటుతోని లేపే మోటర్లు, గుంజే మోటర్లు, తిప్పే మోటర్లు నడుస్తయి. బొక్కెన నేలమీద ఊరికే పడి ఉన్నా లోపల ఆ గుంయ్‌మనే సప్పుడు ఆగది. తేనెతుట్టె లోపల తలకాయ పెట్టినట్టుంటది. ఎండకాలం రామగుండంల 45 డిగ్రీలు దాటితే, ఆ ఇనుప ఇంట్ల నూనె వాసన, గ్రీజు వాసన, వేడి. అంగి పిండితే నీళ్లు కారేది.

మూడేండ్లు దానికి సాకిరి చేసిన. గ్రీజు పెట్టుడు, నట్లు బిగించుడు, తాళ్లు సూసుడు. తాళ్లంటే ఇనుప తాళ్లు. తాడు తెగేముందు చెప్తది బిడ్డా, వినేటోడు ఉండాలె. తాడు నడిమిట్ల సన్న తీగలు ఒక్కొక్కటి తెగి ముండ్ల లెక్క లేస్తయి. కంటికి కానరావు. చేతుల కాటన్ వేస్టు పట్టుకొని తాడు పొంటి మెల్లగ రాసుకుంట పోవాలె. ఎక్కడన్న పోగు చిక్కిందా, అక్కడ తీగ తెగినట్టు. జానెడు మేర ఎన్ని చిక్కినయో లెక్కపెట్టి పుస్తకంల రాయాలె. మీ నాయినమ్మ సీరె అంచు మీద చెయ్యి రాసి కొనేది సూసిన్రు గదా, గట్లనే.

ఆపరేటర్ సీటు మీద కూసోబెట్టిన రోజు నాకు చెమటలు పట్టినయి. రెండు చేతులకు రెండు లివర్లు, రెండు కాళ్లకు రెండు పెడళ్లు. కుడిచెయ్యి లేపుడు, ఎడమచెయ్యి గుంజుడు, కాళ్లు అటిటు తిప్పుడు. నేర్పే సారు ఎనుక నిలబడి, "బొక్కెన దించు" అన్నడు. దించిన. "గుంజు" అన్నడు. గుంజిన. పండ్లు నేలల దిగి, బొక్కెన నిండుకుంట నా దిక్కు వస్తాంది. "ఇగ లేపు, గాని గుంజే తాడు పూరాగ వదలకు. వదిలితే మూతి కిందికి పడి మన్నంత పోతది" అన్నడు.

ఆ మాటతోని నా కండ్ల ముందట మా మోటబాయి కనవడ్డది.

మీరు మోట సూడలే గదా. మా బాపు మోట కొట్టేది. కరెంటు మోటర్లు రాకముందు మన పొలాలకు నీళ్లు గట్లనే. బాయి మీద రెండు గుంజలు, నడుమ గిరక. మోకు ఒక కొస బొక్కెనకు, ఇంకో కొస ఎడ్ల కాడికి. ఎడ్లు వాలు పొంటి కిందికి నడిస్తే బొక్కెన మీదికి వస్తది. బాపు మోకు మీద ఎక్కి కూసునేది, ఎడ్లకు ఆయన బరువు ఆసరా. బొక్కెన అడుగున తోలు తొండం ఉంటది. దానికి ఇంకో సన్నతాడు, తొండంతాడు. అది బిగిసి ఉన్నంతసేపు తొండం మీదికి ముడుచుకొని ఉంటది, సుక్క కారది. గట్టు మీదికి రాంగనే తొండం మూతి సాగి, నీళ్లు దభేల్‌మని తొట్టిల పడ్తయి. ఒక్క బొక్కెన, రెండు తాళ్లు. ఒకటి లేపేది, ఒకటి మూతి కాపాడేది.

మిషన్ గూడ అంతే. లేపే తాడు బూమ్ కొసన గిరక మీదినుంచి వస్తది. గుంజే తాడు కిందినుంచి వస్తది. అది బిగబట్టి ఉన్నంతసేపు బొక్కెన మూతి మీదికి ఉంటది. ఓబీ కుప్ప మీదికి తిప్పి ఆ తాడు వదిలితే మూతి ఒంగి, 40 టన్నుల దాక మన్నూ రాయీ ఒక్క ఊపుల కిందికి. మళ్ల తిప్పు, మళ్ల దించు. నిమిషానికి ఒక్క బొక్కెన లెక్క. నాకు పని కొత్తదనిపించలే. బడికి పోకుంట మోటకాడ కాపలా ఉన్న రోజులే అక్కరకొచ్చినయి.

గాని తెలుసనుకున్నోనికే దెబ్బ తాకుతది. ఆపరేటర్‌నై ఏడాది గూడ కాలే. రాత్రి షిఫ్టు, తెల్లారగట్ల నాలుగైతాంది. కన్ను ఒక్క గడియ వాలింది. లేపే తాడు గుంజిన, గుంజే తాడు కొంచెం గూడ వదలలే. రెండు తాళ్లు ఒక్కసారి బిగుసుకుంటే బొక్కెన ఎటు పోతది? నడుమ చిక్కి బూమ్ మీదికే ఎగురుతది. తాళ్లు కీచుమని ఏడ్చినయి, మిషన్ మొత్తం ముందటికి ఒంగినట్టయింది. చేతులు ఎప్పుడు వదిలిన్నో నాకే తెల్వది. బొక్కెన కిందికి జారి ఊగుతాంది, ఊగుతనే ఉన్నది. బూమ్ బతికింది. గుంజే తాడు మాత్రం సగం పోగులు తెగి చీపురుకట్ట లెక్క విచ్చుకున్నది. తప్పు పూర్తిగ నాదే. తెల్లారినంక షిఫ్టు షిఫ్టంత కొత్త తాడు ఎక్కించుడే అయ్యింది. నేర్పిన సారు వచ్చి సూసిండు. తిట్టలే. ఫ్లాస్కుల సాయ పోసి చేతుల పెట్టి, "నిద్ర వస్తే దిగి ముఖం కడుగు. మిషన్ ఆగితే నష్టం లేదు" అన్నడు, అంతే. సిన్నప్పుడు తొండంతాడు చిక్కుబడ్డది సూడక ఎడ్లను అదిలించినందుకు బాపు చెంప పగలగొట్టిండు. సారు సాయనే ఎక్కువ మంట పుట్టింది.

ఇగ నడక సంగతి. సిన్నోడా, నిద్రపోకు, ఇదే అసలు ముచ్చట.

దానికి చక్రాలు లేవు, చైన్లు లేవు. అడుగున గుండ్రటి ఇనుప పీట ఒకటి, దాని మీద కూసొని పని చేస్తది. రెండు పక్కల పడవలసొంటి రెండు బూట్లు. జరగాల్నంటే ఆ బూట్లు లేచి, ఎనుకకు పోయి నేలకు ఆనుతయి. ఆనినంక మిషన్‌నే లేపి, ఇంత దూరం, ఒక రెండు మీటర్లు, ఎనుకకు జరిపి కూసోబెడ్తయి. పీట మీద కూసున్న ముసలవ్వ రెండు చేతులు నేలకు ఆనిచ్చి జరుగుతది సూడు, అచ్చం గట్లనే. గంటసేపు నడిస్తే రెండు వందల మీటర్లు. నడిచిన జాడ నేలమీద మంచిగ కనవడేది. నడుమ గుండ్రటి పీట గీత, అటొకటి ఇటొకటి బూటు అచ్చు. అంత బరువు అంత పెద్ద పీట మీద పరుచుకుంటది గాబట్టి, బురదల మన ఎద్దు డెక్క దిగినంత గూడ దిగకపోయేది.

అది ముందటికి నడవది. ఎప్పుడూ ఎనుకకే. బూమ్ ఉన్న దిక్కు బరువెక్కువ, లేపినప్పుడు ఆ దిక్కు పీట అంచు నేలను రాసుకుంటనే వస్తది, పూరాగ లేవది. అందుకని బూమ్ ఎటుంటే దానికి ఎదురుదిక్కు జరుగుతది. తూర్పుకు పోవాల్నంటే ముఖం పడమటికి తిప్పాలె. ఎటు పోవాల్నో అటు వీపు పెట్టాలె. నాకు ఎనుక దిక్కు కానరాదు గదా, ఒకడు కింద నిలబడి ఈల ఊదుకుంట జెండా ఊపేది. ముందుగాల డోజర్ వచ్చి బాట సదును చేసేది, కేబుల్ మజ్దూర్లు రబ్బరు గ్లౌజులు తొడుక్కొని కేబుల్‌ను పక్కకు ఈడ్చేది. నా కండ్ల ముందట మాత్రం ఎప్పుడూ తవ్విన బొందనే.

మోట ఎడ్లు గూడ గంతే సుమా. వాలు దిగినంక మళ్ల గట్టెక్కాల్నంటే తిరిగి నడవవు, ఎనుకకే నడుస్తయి. కొత్త ఎద్దుకు ఆ నడక నేర్పుడే కష్టం. బాపు నెలరోజులు గడ్డి సూపెట్టి, ముట్టె మీద చెయ్యి పెట్టి నూకుకుంట నేర్పేది.

నేర్పిన సారు రాత్రిపూట కరెంటు పోయి మిషన్ ఆగితే కతలు చెప్పేది. ఈ డ్రాగ్‌లైన్ 1904ల పుట్టిందట. అమెరికాల చికాగో కాడ కాలువ తవ్వనీకి జాన్ పేజ్ అనే ఆయన కట్టిండు. మొదట్ల దాన్ని జరుపుడే పెద్ద యాతన, 1913ల మార్టిన్సన్ అనే ఆయన దానికి నడక నేర్పిండట. ఇంకోటి చెప్పిండు, అది నాకు మస్తు నచ్చింది. ఇప్స్‌విచ్ కంపెనీనే 1957ల ఒక పెద్ద డ్రాగ్‌లైన్ చేసింది. దానికి సన్‌డ్యూ అని పేరు పెట్టిన్రు. ఆ ఏడు ఇంగ్లండుల గ్రాండ్ నేషనల్ అనే గుర్రప్పందెం గెలిచిన గుర్రం పేరది! ఇనుపరాయి గనిల పని అయిపోయినంక దాన్ని విప్పి బండ్ల మీద తోలుకపోవుడు ఖర్చని, 1974ల నడిపిచ్చుకుంటనే తీస్కపోయిన్రట. 13 మైళ్లు. పొలాల నుంచి, రోడ్లు దాటి, రైలుపట్టాలు దాటి, ఒక ఏరు దాటి, రెండు నెలలు. నేను తట్టా చెమ్మస్ పట్టిన ఏడే అది. "గుర్రం పేరు పెట్టుకొని నత్త లెక్క నడిచింది" అని సారు నవ్వేది. మాకు మాత్రం అది మా మిషన్‌కు మేనమామ వరుస అనిపించేది.

మిషన్ మీద నేను బతికితే, మిషన్ పక్కపొంటి మీ నాయినమ్మ బతికింది. మా క్వార్టరు వంటింటి కిటికీల నుంచి సూస్తే దూరంగ బూమ్ కొసన ఎర్రదీపం కనవడేది. రెండో షిఫ్టుల ఉన్ననంటే రాత్రి పదకొండుకు దిగుడు. ఆమె పదింటికి కిటికీల నుంచి సూసేది. దీపం అటిటు ఊగుతాందంటే మిషన్ నడుస్తాంది, మనిషి టైముకు వస్తడు, కూర ఎచ్చబెట్టాలె. దీపం ఒక్కకాడ నిలబడ్డదంటే ఏదో బందైంది, మనిషి లేటైతడు, పొయ్యి ఆర్పి పండుకోవచ్చు. ఫోన్లు లేవు అప్పుడు. "మీ ఆయన ఎప్పుడొస్తడక్కా" అని పక్కింటోళ్లు అడిగితే కిటికీ కాడికి పోయి సూసి చెప్పేది. ఒకనాడు దీపం ఊగుతనే ఉన్నది, నేను మాత్రం అర్ధరాత్రి దాటినంక పోయిన. నా రిలీవర్ టైముకే వచ్చి మిషన్ ఎక్కిండు, నేనే దోస్తులతోని సినిమాకు పోయిన. ఆ రాత్రి నాకు బువ్వ లేదు.

బ్లాస్టింగ్ సైరన్ మోగితే కాలనీల ఆడోళ్లందరు ఒక్కతీరుగ చేసేటోళ్లు. దండెం మీది బట్టలు తీసుడు, నీళ్ల బిందెల మీద మూత పెట్టుడు. ఆ తర్వాత నేల ఒక్కసారి ఊపిరి పీల్చినట్టయ్యేది, అరల మీద ఇత్తడి గిన్నెలు గణగణ మోగేది. మీ నాయిన ఉయ్యాలల ఉన్నప్పుడు ఆ మోతకు లేవకపోయేటోడు. సెలవుల మీద అమ్మమ్మగారింటికి పోతే, సప్పుడు లేక ఏడ్చేటోడు.

దసరా వస్తే మిషన్‌కు పండుగ. ముందురోజే బొక్కెనను నేలకు ఆనిచ్చి, నీళ్లు కొట్టి కడిగేది. లివర్లకు పసుపు కుంకుమ, పెడళ్ల ముందట నిమ్మకాయలు, ఇంటికి మామిడాకు తోరణం, బాయి మైసమ్మకు కోడి. కడిగిన బొక్కెనల సాపలు పరిచి బంతి పెడితే ఇరవై మంది కాళ్లు సాపుకొని కూసునేటోళ్లు. ఆ ఒక్కరోజే ఇంటోళ్లను దగ్గరికి రానిచ్చేది. ఒక దసరాకు బాపును తీస్కపోయిన. అప్పటికే ఆయనకు సూపు మందం. దోతి మీదికి ఎగగట్టి, కట్టె పట్టుకొని, మిషన్ సుట్టూ ఒక సుట్టు తిరిగిండు. బొక్కెన కాడ ఆగిండు. చెయ్యి పెట్టి తడుముకుంట తడుముకుంట, లేపే తాడు పట్టిండు, గుంజే తాడు పట్టిండు, వాటి రెండింటికి నడుమ గిరక మీదినుంచి బొక్కెన మూతికి పోయే పొట్టి తాడు ఒకటి ఉంటది, అది గూడ పట్టిండు. "ఇది తొండంతాడేనారా?" అన్నడు. ఎవలు చెప్పలే ఆయనకు. ఇంజనీరు సారు పక్కనే ఉన్నడు, నోరు తెరిచి సూసిండు. ఆ తాడు పనే బొక్కెన మూతి పట్టుకునుడు మరి.

"దీనికి మేత ఏందిరా?" అన్నడు.

"కరెంటు, బాపు."

"కరెంటు ఏడికెల్లి వస్తది?"

"ఎన్టీపీసీల పుడ్తది. మన బొగ్గు రైల్ల అక్కడికి పోతది, కాలుస్తరు."

బాపు కొంచెంసేపు ఆలోచన చేసిండు. "అంటే ఇది తోడిందే ఇది తింటాంది. మంచి ఎద్దు" అన్నడు. అందరు నవ్విన్రు. ఆయన నవ్వలే. బొంద అంచుల దాక పోయి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టి, కిందికి సూసిండు. కింద బొగ్గు నల్లగ మెరుస్తాంది. "మోట పొద్దంత కొడితే బాయి అడుగు కనవడ్తది. తెల్లారి పోయి సూస్తే మళ్ల మోకాలు మంటి నీళ్లు ఊరి ఉంటయి. ఇది ఊరుతదారా?" అన్నడు.

నేనేం చెప్పాలె? ఊరదు బాపు అన్న. "మరి మెల్లగ తోడుండ్రి" అని కట్టె తాటించుకుంట ఎనుకకు మళ్లిండు.

మీ నాయినమ్మ పుట్టిన ఊరు గూడ ఆ బొందలకే పోయింది. ముందుగాల సర్వే రాళ్లు పడ్డయి, తర్వాత ఊరోళ్లు లేచి కొత్త కాలనీకి పోయిన్రు, ఆ తర్వాత షావళ్లు వచ్చినయి, ఆఖరున మా మిషన్. ఒకసారి ఆమెను గట్టు మీద వ్యూ పాయింటుకు తీస్కపోయిన. "మా ఇంటి ముందటి ఏపచెట్టు ఏడుండెనో సూపెట్టు" అన్నది. గుడిదిక్కు, చెరువుదిక్కు లెక్కగట్టి వేలు సూపెట్టిన. నా వేలు నేల మీదికి పోలే. బొంద నడుమ గాలిల ఆగింది. ఆ చెట్టు ఉండాల్సిన జాగ ఇప్పుడు గాలి. మా బూమ్ పొడుగంత కింద బొగ్గు. ఆమె ఏం అనలే. గాలి దిక్కే దండం పెట్టింది. ఇంటికొచ్చినంక వంటింటి కిటికీకి తెర కట్టింది. వారం దినాలు నేను టైముకు వచ్చినా బువ్వ సల్లగనే ఉండేది. ఎనిమిదో రోజు తెర ఆమెనే తీసింది. నేను అడగలే, ఆమె చెప్పలే.

2013ల దిగిపోయిన. ఆఖరు షిఫ్టు నాడు తవ్వుడు లేదు, నడుపుడే. కొత్త కోతకు మిషన్ జరగాలె. పూలదండ మెడల ఉండంగనే సీటు మీద కూసొని ముప్పై రెండు అడుగులు నడిపిన. లెక్కపెట్టుకున్న. కింద ఈల ఊదే పోరడు నా దోస్తు కొడుకు. ప్రతి అడుగుకు నేను తవ్విన బొంద రెండు మీటర్లు దూరమయ్యేది. దిగి నడిచి వస్తుంటే ఆ గుంయ్‌మనే సప్పుడు ఇంకా చెవులనే ఉన్నది. ఇప్పటికీ ఉన్నది. రాత్రి నిద్రల నా కాళ్లు మంచం అంచును నూకుతయని మీ నాయినమ్మ తిడ్తది. కుడి కాలు ఒకసారి, ఎడమ కాలు ఒకసారి.

మొన్న మీ నాయిన బండి మీద ఆ దిక్కు తీస్కపోయిండు. మేం మొదట్ల తవ్విన కోత ఒక మూల అట్లనే ఉన్నది. పనైపోయిన బొంద. దాంట్ల నీళ్లున్నయి బిడ్డా, నిండా పచ్చటి నీళ్లు. ఒడ్డున కొంగలు, అవుతల ఎవలో బర్లను కడుగుతున్రు. నేను పోయి అంచుల కూసున్న. బాపు అడిగిన మాట యాదికొచ్చింది. బొగ్గు ఊరలే. నీళ్లు ఊరినయి. అది బాపు మాటకు జవాబు అవునో కాదో నాకు తెల్వది. ఆయన బతికుంటే మాత్రం ముందుగాల ఎంత లోతున్నదో అడుగుతుండె, ఆ తర్వాత దీని మీద ఎన్ని మోటలు కట్టొచ్చో లెక్క చేస్తుండె.

అగో, సిన్నోడు నిద్రపోయిండు. మిషన్ ముచ్చట చెప్పమన్నోడే ఫస్టు పండుకున్నడు. వాణ్ణి ఎత్తుకపోండ్రి. మంట ఎగుస్తాంది, నిప్పురవ్వలు దుప్పటి మీద పడ్తయి. నన్ను లేపకుండ్రి, మోకాళ్లు వశంల లేవు. పీట మీద ఉన్న గదా, నేనే ఎనుకకు జరుగుత.